హెచ్‌ఓ ఆల్కో డీజిల్‌కు మసి, తుప్పు, జిడ్డు: చెన్నై తేమలో వెదరింగ్ చేసే పద్ధతి

మోడల్ రైలు ఇంజన్‌ను మురికిగా చూపించేటప్పుడు, అంటే వెదరింగ్‌లో, ప్రతి మరకకూ ఒక మూలం ఉండాలి. మసి పొగగొట్టం నుంచి వస్తుంది, తుప్పురంగు ధూళి బ్రేక్ బ్లాకుల నుంచి, నల్లటి జిడ్డు డీజిల్ ట్యాంకు మూత నుంచి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని మరక పెట్టొద్దు. ఇక్కడ తీసుకున్న ఉదాహరణ హెచ్‌ఓలో, అంటే 1:87 నిష్పత్తిలో చేసిన డబ్ల్యూడీఎం-3ఏ, అమెరికన్ కంపెనీ ఆల్కో డిజైన్‌తో వచ్చిన 3100 హార్స్‌పవర్ డీజిల్. కరెంటు ఇంజన్‌కైనా పద్ధతి ఇదే, కాకపోతే మసి ఉండదు. పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) రాపిడి పొడి పైకప్పు మీద పడుతుంది.

ముందుగా ఒకే ఇంజన్‌వి, ఒకే కాలానివి నాలుగైదు ఫోటోలు ఎదురుగా పెట్టుకోండి. పెరంబూరు ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) దగ్గరి చెన్నై రైల్ మ్యూజియంలాంటి చోట్ల పైపులు, మెట్లు, బఫర్ల కొలతలు దగ్గర్నుంచి చూడొచ్చు. మురికికి మాత్రం మ్యూజియం బండిని నమ్మొద్దు. దానికి మళ్లీ రంగు వేసి ఉంటారు. నడిచే బండి ఫోటోలే కావాలి.

బాడీని చాసిస్ నుంచి విడదీసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో కడగండి. ఆరాక చేతివేళ్ల జిడ్డు అంటకుండా గ్లవ్స్ వేసుకోండి. రంగు తర్వాత పొరలుగా లేచిపోవడానికి చాలాసార్లు కారణం ఈ జిడ్డే.

డీటెయిలింగ్‌లో ఎక్కువ మార్పు తెచ్చేది హ్యాండ్‌రైళ్లు. ప్లాస్టిక్‌వి చాలా మోడళ్లలో లావుగా ఉంటాయి. వాటిని కోసేసి 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ పెట్టండి. 87తో గుణిస్తే 34.8 మిల్లీమీటర్లు, అసలు గొట్టం మందానికి దగ్గరగా వస్తుంది. పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) 0.5 మిల్లీమీటర్ల డ్రిల్ పెట్టి చేత్తోనే రంధ్రం చేయండి, మోటారు డ్రిల్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. అతికించడానికి జెల్ రకం సూపర్ గ్లూ సూదిమొనతో పెట్టాలి. పలచటి గ్లూ ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరలా పేరుకుంటుంది, తేమలో ఇది మరీ ఎక్కువ. అందుకే కిటికీ అద్దాల దగ్గర గ్లూ వాడొద్దు, ఫెవికాల్ చాలు. భారతీయ ఇంజన్లకు మధ్యలో కప్లర్, రెండు పక్కలా బఫర్లు, వాటి మధ్య బ్రేక్ గాలి గొట్టాలు వేలాడుతుంటాయి. ఆ గొట్టాలను 0.5 మిల్లీమీటర్ల సన్నటి వైరు తొడుగుతో చేయొచ్చు. కప్లర్ పక్కకు తిరిగే జాగా వదలండి. లేకపోతే మలుపులో బండి పట్టాలు తప్పుతుంది.

నంబరు, షెడ్డు పేరు డెకాల్స్‌గా (నీటిలో తడిపి అంటించే పలచటి బొమ్మలు) వేస్తుంటే ముందు గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్ తప్పనిసరి. గరుకు ఉపరితలం మీద వేస్తే డెకాల్ కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. డెకాల్ ఆరాక మరో పలచటి గ్లాస్, దాని మీద మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్.

చెన్నైలో అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. స్ప్రే చేసిన రంగులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, రంగు పాలలా తెల్లబారుతుంది. తేమ 70 శాతం దాటితే లాక్కర్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకంతో చేసిన రంగు) స్ప్రే చేయొద్దు. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనుక్కోండి. సముద్రపు గాలి రాకముందు, ఉదయం పదకొండు ప్రాంతం మంచి సమయం. అక్టోబరు, నవంబరు నెలల వానల్లో ఏసీ గదే దిక్కు, కిటికీలోంచి ఆవిరి బయటికి పోయే ఏర్పాటుతో. తెల్లబారితే గీకొద్దు. పొడిగా ఉన్న రోజున పలచటి గ్లాస్ కోటు వేస్తే చాలా వరకు పోతుంది.

ఇప్పుడు మురికి. బాడీ మీద అక్రిలిక్ రంగు, దాని మీద ఆయిల్ రంగు అనే క్రమం కాపాడుకోండి. ఆయిల్‌ను కరిగించే మినరల్ టర్పెంటైన్ ఆరిన అక్రిలిక్‌ను పట్టించుకోదు, అందుకే నచ్చకపోతే తుడిచేయొచ్చు. హార్డ్‌వేర్ షాపులో "థిన్నర్" అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, అది ప్లాస్టిక్‌ను తినేస్తుంది. పేరు చదివి కొనండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, కానీ అది బాడీ మీద పడితే అక్రిలిక్ లేచిపోతుంది. దాన్ని చక్రాలకే ఉంచండి.

బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగులో కొంచెం నలుపు కలిపి అట్టముక్క మీద గంటసేపు ఉంచితే నూనె పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది. రంగు ఒక వంతు, టర్పెంటైన్ పది వంతులు కలిపి తలుపుల అంచులు, రివెట్లు, జాలీల చుట్టూ మాత్రమే సన్నటి బ్రష్‌తో తాకించండి. బాడీ అంతా పూస్తే ఆరాక నీటి మరకల్లాంటి అంచులు మిగులుతాయి. పావుగంట ఆగి, టర్పెంటైన్‌లో తడిపి దాదాపు పొడిగా పిండిన బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. వాన నీరు జారే దిశ అదే.

చక్రాల ఫ్రేములకు ముదురు గోధుమ, బూడిద సమంగా కలిపి ఎయిర్‌బ్రష్‌తో వేయండి. 0.3 నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ. చక్రాలను కరెంటుతో తిప్పుతూ వేస్తే రంగు సమంగా పడుతుంది. బ్రేక్ బ్లాకుల దగ్గర కొంచెం ఎరుపు ఎక్కువ చేయండి, శాండ్ పైపుల (పట్టాల మీద ఇసుక చల్లే గొట్టాలు) కింద లేత ఇసుక రంగు. భారత బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 19.26 కావాలి, మోడల్ నడిచేది 16.5 మీద. ముందు నుంచి చూస్తే చక్రాలు లోపలికి నొక్కుకున్నట్టు కనిపిస్తాయి. ఫ్రేముల లోపలి వైపు బాగా నల్లగా చేస్తే ఆ తేడా కళ్లకు ఆనదు. ఇలా చేస్తే ఫలితం చాలా బాగుంటుంది.

మసికి శుద్ధ నలుపు వాడొద్దు, చిన్న స్కేలులో రంధ్రంలా కనిపిస్తుంది. సాఫ్ట్ పేస్టల్ (సుద్దలాంటి రంగు కడ్డీ) ను 320 గ్రిట్ గరుకు కాగితం మీద అరగదీసి, నలుపులో ముదురు గోధుమ కలిపిన పొడిని మెత్తటి బ్రష్‌తో పొగగొట్టం చుట్టూ అద్దండి. ఈ ఇంజన్ లాంగ్ హుడ్ (క్యాబిన్‌కు పొడవైన వైపు) ముందుగానూ షార్ట్ హుడ్ (పొట్టి వైపు) ముందుగానూ నడుస్తుంది కాబట్టి మసి రెండు వైపులా పాకాలి. ఆయిల్ పేస్టల్ పొడికి పనికిరాదు. పొడి మీద వార్నిష్ కొడితే సగం మాయమవుతుంది. ఎక్కువ అద్ది ఒక్క పలచటి మ్యాట్ పొరతో ఆపండి.

డీజిల్ ట్యాంకు మూత కింది జిడ్డు మ్యాట్ తర్వాతే వేయాలి. ముదురు గోధుమ ఆయిల్‌లో గ్లాస్ వార్నిష్ కలిపి, పైన వెడల్పుగా కిందికి సన్నబడేలా రెండు చారలు. ముందే వేస్తే మ్యాట్ పొర మెరుపును చంపేస్తుంది, అది ఎండిన బురదలా ఉంటుంది.

ఆఖరున చక్రాలు పట్టాల మీద ఆనే భాగాన్ని, కరెంటు పట్టే పలుచటి రేకులను ఐసోప్రొపైల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. గేర్లలో పొడి ఏమైనా పడిందేమో భూతద్దంతో చూసి, ఉంటే ఊదకుండా బ్రష్‌తో తీయండి. బాడీ బిగించకముందే చాసిస్‌ను పావుగంట నెమ్మదిగా నడపండి, ఎక్కడైనా కుదుపు ఉంటే అప్పుడే తెలుస్తుంది.