స్కీ పార్కుకి మొదటి ట్విన్-టిప్ స్కీలు కొంటున్నారా?

ఎంఎస్‌కి కొలరాడో వెళ్తున్న మా పిన్ని కొడుకు మొన్న కూకట్‌పల్లిలో మా ఇంటికొచ్చి, ఫోన్‌లో మంచు మీద జారే రంగురంగుల ట్విన్-టిప్ స్కీలు (రెండు కొసలూ పైకి వంగినవి) చూపించాడు. "బొమ్మలు తర్వాత చూద్దువుగానీ, ముందు అంచులు చూడరా" అన్నాను.

మొదటి జత సెకండ్ హ్యాండ్‌ది చాలు. పార్కులో (మంచు మీద విన్యాసాలు చేసే చోటు) రెయిల్, అంటే జారడానికి పెట్టిన లోహపు కడ్డీ, ఎక్కితే కొత్తవీ మొదటి రోజే గీసుకుపోతాయి. స్కీని తిరగేసి, పాదం వచ్చే చోట ఉక్కు అంచు మీద మెల్లగా గోరు లాగండి (వేలు వద్దు, తెగుతుంది). వెంట్రుకంత పగుళ్లు ఒకటీ అరా ఉంటే పర్వాలేదు. అంచు లేచి ఊగుతుంటే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

నిలబెడితే ముక్కుకీ నుదుటికీ మధ్యకి రావాలి. రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి కాబట్టి మంచుకి ఆనేది తక్కువే, మరీ పొట్టివి వద్దు. స్కీ నడుము (మధ్య భాగం) వెడల్పు 85-95 మి.మీ., కాస్త మెత్తగా వంగేవి.

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సెట్టింగ్ సొంతంగా తిప్పకండి. మీ బరువు, ఎత్తు, బూటు అడుగు పొడవు చూసి షాపు టెక్నీషియనే పెట్టాలి. అందుకే బూట్లు ముందు కొనాలి, అదీ అక్కడే, కాలికి తొడిగి చూసి. హైదరాబాద్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకండి.