నాలుగు ఊర్లల్ల నాలుగు ప్రాజెక్టులు నడిపేటోళ్లు పనితీరు లెక్క ఎట్ల కట్టుకోవాలె

మన నల్గొండ, పాలమూరు దిక్కు ఒక్కతీరుగ నాలుగైదు పనులు నెత్తికెత్తుకున్నోళ్ల కోసం ఇది రాస్తున్న. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ సీఈఓలు, మండల సమాఖ్య లీడర్లు, పాల సొసైటీ సెక్రటరీలు, స్వచ్ఛంద సంస్థల్ల కోఆర్డినేటర్లు, వీళ్లందరి దగ్గర నెలనెలా రిపోర్టులు అయితే కుప్పలు ఉంటయి. ముప్పై కాలమ్‌ల ఎక్సెల్ షీటు ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి ఫండ్ ఇచ్చినోళ్లకు పోతనే ఉంటది, కానీ దాన్ని చూసి ఫలానా పని మార్చినం, ఫలానాది ఆపినం అని చెప్పమంటే చానా చోట్ల జవాబు రాదు. అట్లైతే అది లెక్క రాసినట్టు అయితది గని పనితీరు చూసినట్టు కాదు.

కాబట్టి మొదలు ఎక్సెల్ తెరవొద్దు. తెల్ల కాగితం తీస్కొని, ఒక్కో ప్రాజెక్టుకు వచ్చే మూడు నెలల్ల మీ చేతుల్ల ఉన్న నిర్ణయాలు ఏందియో రాయండి. పల్లీ కొనే సెంటర్ ఇంకో ఊర్ల పెట్టాల్నా, కుట్టు సెంటర్ల కొత్త బ్యాచ్ తీస్కోవాల్నా, వాటర్ ప్లాంట్ ఆపరేటర్‌కు ఇంకో మనిషిని తోడు ఇయ్యాల్నా, ఇసొంటివి. ఒక్కోదాని పక్కన ఆ నిర్ణయానికి ఏ అంకె కావాలె, ఆ అంకె ఎంతకు దిగితే మనం కదులుతం అనేది ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఎందుకంటే నంబర్ వచ్చినంక గీత గీస్తే ఎవరికి అనుకూలంగ వాళ్లు గీస్తరు. ఏ నిర్ణయానికీ అక్కరకు రాని అంకె ఎంత మంచిగ కనిపించినా పక్కకు పెట్టాలె. ఇంకోటి, ప్రతి అంకెకు ఒక మనిషి పేరు ఉండాలె, రిజిస్టర్ల రాసే మనిషి కాదు, దాన్ని మార్చగలిగే మనిషి.

ఎన్ని అంకెలు పెట్టుకోవాలె అంటే ప్రాజెక్టుకు ఐదారు చాలు. మన మహిళా సంఘాల పంచసూత్రాలు చూడండి: మీటింగులు తప్పకుండ జరుగుడు, పొదుపు కట్టుడు, సంఘం లోపల అప్పులు ఇచ్చుకునుడు, టైముకు తిరిగి కట్టుడు, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుడు. ఐదే ఉన్నయి, సభ్యురాళ్లు నోటికి చెప్తరు, బ్యాంకోళ్లు అప్పు ఇచ్చే ముందు గ్రేడింగ్‌ల కూడ వీటినే చూస్తరు, అందుకే ఇన్నేండ్లు నిలబడ్డయి. అయితే ఇవి సంఘం గట్టిగ ఉన్నదా లేదా అనేది చెప్తయి, ఇంట్ల ఆదాయం పెరిగిందా అనేది మాత్రం చెప్పవు, ఆ రెండో ప్రశ్నకు వేరేగ ఒక అంకె పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. ఏ పనికైనా నాలుగు మెట్లు ఉంటయి: మనం పెట్టింది, చేసింది, దాంతోని తయారైంది, చివరికి జనాల బతుకుల్ల మారింది. చానా రిపోర్టులు మూడో మెట్టు దగ్గరనే ఆగిపోతయి. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి నల్గొండోళ్లకు కొత్తగ చెప్పాల్సిన పని లేదు కాబట్టి దాంతోనే చెప్త. నాగపూర్ల ఉన్న నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ వాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డి లెక్క అడుగున కూసోబెట్టే పద్ధతి తయారు చేసిన్రు, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడ్డది. ఆ పద్ధతిల ట్యాంకు కట్టుడు కాదు ముఖ్యం, రోజూ నీళ్లకు తగ్గట్టు పటిక, సున్నం వెయ్యాలె, కలపాలె, అడుగున పేరుకున్న మడ్డి తియ్యాలె. పటిక తెచ్చుడు ఆగిపోయిందంటే ట్యాంకు ట్యాంకు లెక్కనే నిలబడి ఉంటది, నీళ్లు మాత్రం మునుపటి నీళ్లే. అసొంటప్పుడు ఇన్ని ప్లాంట్లు పెట్టినం అనే అంకె ఎవరికి ఏం చెప్తది?

మరి ఏం కొలవాలె? తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్లే దొరకనప్పుడు 1.5 దాక పర్వాలేదు అని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్తది. కాబట్టి ఒక అంకె, ప్లాంటు దగ్గర కాకుండ ఇంట్ల బిందెలకెళ్లి తీసిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంత. రెండోది, ఊర్ల ఉన్న ఇండ్లల్ల ఎన్ని ఇండ్లు ఆ నీళ్లు తాగుతున్నయి, ఎండాకాలం ఎన్ని, వానాకాలం ఎన్ని. కృష్ణా నీళ్లు నల్లాల్ల వస్తున్న ఊర్లల్ల కూడ ఈ ప్రశ్న అడగాల్సిందే, నల్లా నీళ్లు గిన్నెలు కడగడానికి, తాగేటందుకు మళ్ల బోరు నీళ్లో క్యాన్ నీళ్లో అంటే కనెక్షన్ల లెక్కతోని ఏం తెల్వదు. మూడోది, నెలల ఎన్ని రోజులు ప్లాంటు బంద్ ఉన్నది.

ఫ్లోరైడ్‌తోని పిల్లల పండ్ల మీద పడే మచ్చలు తగ్గినయా అనేదే కదా అసలు ఫలితం అంటరు, నిజమే. కానీ శాశ్వత పండ్లు చిగురు లోపల తయారయ్యే వయసుల, అంటే దగ్గర దగ్గర ఎనిమిదేండ్ల లోపు, తాగిన నీళ్ల ప్రభావం ఆ పండ్లు బయటికి వచ్చినంకనే కనిపిస్తది, కాబట్టి మూడేండ్ల ప్రాజెక్టుల దాన్ని నెలనెలా కొలుస్త అంటే కుదరదు. అసలు ఫలితం లేట్‌గ వచ్చే ప్రతి పనికి దానికంటే ముందుగాల కదిలే అంకె ఒకటి వెతుక్కోవాలె, ఇక్కడైతే అది బిందెల నీళ్ల పరీక్ష. లేట్‌గ వచ్చేదాన్ని వదిలెయ్యద్దు, మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, కొన్నేండ్లకు మళ్ల ఒకసారి చూసేటట్టు పెట్టుకోండి.

ఒంటరి అంకెను నమ్మొద్దు, ప్రతిదానికి జోడి ఉండాలె. పాల సెంటర్‌ల లీటర్లు మాత్రమే చూసి పైసలు ఇస్తే నీళ్లు కలుస్తయి, అందుకే ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండ పాలల్ల ఉండే మిగతా గట్టి పదార్థం) చూసి రేటు కడతరు. ఇది రైతు చెడ్డోడని కాదు, ఏ అంకెకు పైసలు ముడిపెడితే మనిషి ఆ అంకె దిక్కే వంగుతడు, చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటన్ ఆర్థికవేత్త 1975ల ఇసొంటి మాటే చెప్పిండు, ఇప్పుడు దాన్ని గుడ్‌హార్ట్ సూత్రం అంటరు. అప్పుల్ల కూడ అంతే, రికవరీ నూటికి నూరు అని చూపిస్తరు, పాత అప్పును కొత్త అప్పుతోని మూసి ఉంటరు, కాబట్టి రికవరీ పక్కన, కట్టిన వారం పది రోజుల్లనే మళ్ల అప్పు తీస్కున్నోళ్లు ఎంతమంది అనే అంకె పెట్టాలె. కుట్టు ట్రైనింగుల సర్టిఫికెట్ల సంఖ్య పక్కన, ఆరు నెలలకు ఆ పని మీద పైసలు సంపాదిస్తున్న ఆడోళ్లు ఎందరు అనేది పెట్టాలె.

కట్టుడు పనులు, అంటే గోదాం, చెక్‌డ్యాం, షెడ్డు ఇసొంటి వాటికి ఇంకో లెక్క ఉన్నది, ఇంజనీర్లు ఎర్న్‌డ్ వ్యాల్యూ అంటరు, పేరు పెద్దగ ఉంటది గని లెక్క ఐదో తరగతి లెక్కే. ఒక గోదాం 10 లక్షలు, 5 నెలలు అనుకుందం. మూడు నెలలకు 6 లక్షల పని అయిపోవాలె అని ప్లాన్. పోయి చూస్తే అయిన పని విలువ 4 లక్షలు, ఖర్చయింది 5 లక్షలు. అయిన పనిని ఖర్చుతోని భాగిస్తే 0.8, అంటే రూపాయి పెడితే 80 పైసల పని వస్తున్నది. అయిన పనిని ప్లాన్‌తోని భాగిస్తే 0.67, అంటే మూడు రోజుల్ల చెయ్యాల్సిన కాడ రెండు రోజుల పనే నడుస్తున్నది. ఇదే లెక్కన పోతే మొత్తం ఖర్చు 10ని 0.8తోని భాగించండి, 12.5 లక్షలు. ఆ రెండున్నర లక్షలు ఎక్కడికెళ్లి తేవాలె అనే ఆలోచన మూడో నెలలనే మొదలైతది, లేకపోతే స్లాబ్ దాక వచ్చి పని ఆగినంక మొదలైతది. యూసీల (పైసలు ఎట్ల ఖర్చు పెట్టినం అని ఫండ్ ఇచ్చినోళ్లకు ఇచ్చే సర్టిఫికెట్) మాత్రం 10ల 5 ఖర్చు, 5 మిగులు అని సల్లగ కనిపిస్తది, అందుకే యూసీ చూసి ప్రాజెక్టు మంచిగున్నదని ఎప్పుడూ అనుకోవద్దు.

దీంట్ల మోసం జరిగే జాగ ఒక్కటే, అయిన పని విలువ ఎంత అనేది. మేస్త్రిని అడిగితే ఎప్పుడూ 90 శాతం అయ్యింది అంటడు. కాబట్టి పని మొదలు కాకముందే ముక్కలు చేసి ధర రాసుకోవాలె, పునాది ఇంత, గోడలు ఇంత, రూఫ్ ఇంత, షట్టర్లు ఇంత అని. ముక్క మొత్తం అయిపోతేనే దాని విలువ లెక్కల వస్తది, సగంల ఉంటే సున్న. జెర కఠినంగ అనిపిస్తది, కానీ ముక్కలు చిన్నగ చేసుకుంటే బాధ ఉండదు.

నేతపనిల మాత్రం మొత్తం టైమ్ కాదు, ఒక్కో మెట్టుకు ఎంత టైమ్ పడుతున్నదో రాయాలె. పోచంపల్లి చీరకు ఆసు పోసుడు (నూలును మేకుల చుట్టు తిప్పుడు), కట్టుడు, అద్దుడు, నేసుడు అన్నీ వరుసగ ఉంటయి, చేత్తోని ఆసు పోస్తే చీరకు నాలుగైదు గంటలు పట్టేది. ఆ ఒక్క మెట్టు మీద దృష్టి పెట్టి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిన్రు, గంటన్నరకు వచ్చింది, 2017ల పద్మశ్రీ కూడ వచ్చింది. నెలకు ఎన్ని చీరలు అని చూస్కుంట కూసుంటే ఆ జాగ దొరికేది కాదు.

ఇగ సంస్థకు సంస్థకు పోలిక. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు ఉన్న రైతు కంపెనీని, చందంపేట మెట్ట భూముల రైతు కంపెనీని ఒకే టర్నోవర్‌తోని ర్యాంకులు ఇచ్చుడు అన్యాయం, ఇది నేను గట్టిగ చెప్తున్న. కేంద్రం 2018ల మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంల డెల్టా ర్యాంకింగ్ అని ఒకటి ఉన్నది, ఎవరు ముందున్నరు అని కాకుండ ఎవరు తమ పాత నంబర్ మీద ఎంత పెరిగిన్రు అని చూస్తరు. మనం కూడ అదే పద్ధతి తీస్కోవాలె. ఎవరికి వాళ్ల పోయినేడాది అదే నెలతోని పోలిక, ఆ తర్వాత తమ అసొంటి నేల, తమ అసొంటి వయసు ఉన్న సంస్థతోని పోలిక. అదే నెల అని ఎందుకు అంటున్న అంటే, పాలమూరు దిక్కు పంట పని అయిపోంగనే జనం వలస పోతరు, వాళ్లు పోయిన నెలల మీటింగ్ హాజరును నాట్ల టైమ్ హాజరుతోని పోలిస్తే ఉత్తగనే సీసీ (సంఘాలను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్) మీద మాట పడతది.

పోల్చే ముందు మాటల అర్థం కలపాలె. ఒక సంస్థ షేరు కట్టినోళ్లందరిని సభ్యులు అంటది, ఇంకోటి ఈ ఏడాది ఒక్కసారన్న సరుకు అమ్మినోళ్లనే లెక్క పెడతది, రెండు అంకెలు పక్కపక్కన పెడితే మొదటిది గెలిచినట్టు కనిపిస్తది. అందుకే అర పేజీల ప్రతి అంకె అర్థం, ఎవరు లెక్కల వస్తరు, ఎవరు రారు, ఏ తారీఖు దాక అనేది రాసి అన్ని సంస్థలతోని సంతకం పెట్టించండి.

పాత అంకెలతోని మన దగ్గర ప్రత్యేకంగ ఒక తిప్పలు ఉన్నది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టిన్రు, పాత మహబూబ్‌నగర్‌ల నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరైనయి, షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయినయి, 2019 ఫిబ్రవరిల నారాయణపేట కూడ వేరైంది. పాత నల్గొండ నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయ్యింది. ఇప్పుడు 2015 జిల్లా అంకె పక్కన ఇయ్యాల్టి జిల్లా అంకె పెట్టి తగ్గింది అంటే అది తగ్గుడు కాదు, సరిహద్దు మారుడు. పాత లెక్కలు వాడాలంటే ఊరి స్థాయి దాక దిగి, ఇప్పటి జిల్లా కిందికి వచ్చే ఊర్లను కూడి కొత్తగ మొత్తం కట్టుకోవాలె. పని ఎక్కువే, కానీ ఒక్కసారి చేస్తే ఏండ్ల దాక పనికొస్తది.

రివ్యూ మీటింగ్ గురించి రెండు ముక్కలు. అంకెలు ముందు రోజే అందరికి వాట్సాప్‌ల పోవాలె, మీటింగ్‌ల చదివి వినిపిస్తే గంట అందులనే పోతది. గీత దాటిన అంకెల మీదనే మాట్లాడాలె: ఎందుకు అయ్యింది, ఏం చేస్తం, ఎవరు ఎప్పటిలోగ. అంకె గీత దాటి ఎర్ర రంగు పడ్డ ఊరి మనిషిని అందరి ముందట తిట్టిన్రంటే వచ్చే నెల అన్ని ఊర్లు పచ్చగనే ఉంటయి, అప్పుడు మీకు నిజం చెప్పేటోళ్లు ఒక్కరు కూడ మిగలరు. జీతం, ఇన్సెంటివ్ ఒక్క అంకెకు ముడిపెట్టొద్దు, పాల సెంటర్ సంగతి పైన చెప్పిన కదా. నెలకు రెండు మూడు ఇండ్లకు చెప్పకుండ పోయి రిజిస్టర్ల రాసింది, ఇంట్ల చెప్పింది కలుస్తుందా చూడండి, తప్పు దొరికితే మొదలు ఫారం మార్చండి, చానాసార్లు ప్రశ్నే అర్థం కాకుండ ఉంటది.

చివరగ ఆ రాసే మనుషుల గురించి. వీఓఏ (ఊరి మహిళా సంఘాల లెక్కలు రాసే గ్రామ సమాఖ్య సహాయకురాలు) చెల్లె చేతుల ఇప్పటికే నాలుగు యాప్‌లు, ఆరు రిజిస్టర్లు ఉంటయి. కొత్త కాలమ్ ఒకటి పెట్టాలంటే పాతది ఒకటి తియ్యాలె, దీన్ని రూల్‌గ పెట్టుకోండి. మొదటి నెల ఒక్క ప్రాజెక్టుల మూడు అంకెలతోనే మొదలుపెట్టండి, రెండో నెల రెండో ప్రాజెక్టు కలపండి, మూడు నెలలు అయినంక మీటింగ్ మినిట్స్ తిరగేసి చూసి, ఏ నిర్ణయంల పేరు రాని అంకె ఉంటే ఫారం నుంచి కొట్టేసి, కొట్టేసినమని ఆ వీఓఏలకు ఫోన్ చేసి చెప్పండి.