టెట్రోడ్ లీనియర్ ఆసిలేట్ కాకూడదంటే గ్రిడ్ దగ్గర ఏం చేయాలి

లీనియర్ (హామ్ రేడియో సిగ్నల్ పవర్ పెంచే యాంప్లిఫయర్) కట్టేవాళ్ళు డబ్బూ ఓపికా ప్లేట్ వైపే, అంటే ట్యూబ్ అవుట్‌పుట్ వైపే పెట్టేసి, ఇన్‌పుట్ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక ట్యూన్డ్ కాయిల్ తగిలించి అయిందనిపిస్తారు. తర్వాత 10 మీటర్ల బ్యాండ్‌లో (28 మెగాహెర్ట్జ్) ట్యూన్ చేస్తుంటే డ్రైవ్ (ఇన్‌పుట్ సిగ్నల్) ఇవ్వకుండానే గ్రిడ్ (ట్యూబ్‌లో ఆ సిగ్నల్ అందుకునే ఎలక్ట్రోడ్) మీటర్ ముల్లు లేస్తుంది, అంటే లీనియర్ తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తూ ఆసిలేట్ అవుతోంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. నేను గట్టిగా చెప్పేది ఒకటే. టెట్రోడ్‌లో (నాలుగు ఎలక్ట్రోడ్ల ట్యూబ్) గెయిన్ మనకు కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది, అందులో కొంత గ్రిడ్ దగ్గర పెట్టే 50 ఓముల రెసిస్టర్‌లో కాల్చేయండి.

ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది. 4సీఎక్స్250బీ అనే టెట్రోడ్‌లో ప్లేట్‌కీ గ్రిడ్‌కీ మధ్య సుమారు 0.04 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది, అంటే 28 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 142 కిలోఓములు. ప్లేట్ మీద 1500 వోల్టుల పీక్ స్వింగ్ ఉంటే ఆ దారిలో వెనక్కి వచ్చేది పది మిల్లీఆంప్‌ల పైచిలుకు. గ్రిడ్ దగ్గర 50 ఓములే ఉంటే అది అర వోల్టు, పట్టించుకోనక్కర్లేదు. అదే 5 కిలోఓముల ట్యూన్డ్ సర్క్యూట్ ఉంటే 53 వోల్టులు, అంటే మీరిచ్చే డ్రైవ్ అంత వోల్టేజీ! ఇక ట్యూబ్ ఆసిలేటర్ కాకుండా ఎలా ఉంటుంది?

డ్రైవ్ చాలదేమో అని భయపడకండి. ఏబీ1లో (గ్రిడ్ కరెంట్ పారకుండా ట్యూబ్‌ని నడిపే పద్ధతి) బయాస్ (గ్రిడ్‌కిచ్చే నెగటివ్ డీసీ) మైనస్ 55 వోల్టులైతే పీక్ కూడా అంతే కావాలి, 50 ఓముల మీద అది 30 వాట్లు. వంద వాట్ల రిగ్ (ట్రాన్స్‌మిటర్) ఎవరి దగ్గరైనా ఉంటుంది, పవర్ తగ్గించి వాడండి. పూర్తి వంద ఇస్తే గ్రిడ్ కరెంట్ పారి, పక్క స్టేషన్ల మీద స్ప్లాటర్ (పక్క ఫ్రీక్వెన్సీల్లోకి చిందే చెత్త సిగ్నల్) పడుతుంది.

రెసిస్టర్‌కి వైర్‌వౌండ్ మాత్రం వద్దు, అది సగం కాయిలే. 1 కిలోఓము, 3 వాట్ల మెటల్ ఆక్సైడ్‌వి ఇరవై తీసుకుని రెండు రాగి రేకుల మధ్య పారలల్‌గా సోల్డర్ చేస్తే 50 ఓములు, 60 వాట్లు. కాళ్ళు వీలైనంత పొట్టిగా కత్తిరించి, సాకెట్ పక్కనే పెట్టండి, బ్లోయర్ గాలి తగిలేలా. బయాస్‌ని ఆ రెసిస్టర్ కింది చివర నుంచే ఇచ్చి, అక్కడ మంచి బైపాస్ కెపాసిటర్‌తో గ్రౌండ్ చేయండి, రిగ్ వైపు డీసీ పోకుండా ఒక కప్లింగ్ కెపాసిటర్ పెట్టండి. గ్రిడ్‌కి విడిగా చోక్ (ఆర్‌ఎఫ్‌ని ఆపే కాయిల్) పెడితే అదీ ప్లేట్ చోకూ కలిసి తక్కువ ఫ్రీక్వెన్సీలో కొత్త ఆసిలేషన్ తెచ్చిపెడతాయి.

జీయూ-74బీ లాంటి పెద్ద ట్యూబ్‌కి ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 50 పికోఫారడ్ దాకా ఉంటుంది కాబట్టి 10 మీటర్లలో ఎస్‌డబ్ల్యూఆర్ (మ్యాచింగ్ ఎంత సరిగ్గా ఉందో చెప్పే కొలత, 1 ఉంటే ఉత్తమం) 1.5 దాటుతుంది. ఇన్‌పుట్ వైపు ఇంకో 50 పికోఫారడ్, రెండిటి మధ్య 0.25 మైక్రోహెన్రీ కాయిల్ పెట్టండి. 60 మెగాహెర్ట్జ్ దగ్గర కట్ అయ్యే π (పై) ఆకారపు ఫిల్టర్ తయారవుతుంది, బ్యాండ్ మార్చినప్పుడు ఇన్‌పుట్ ముట్టుకోనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఫోన్లు లేని వైజాగ్ ఎలా ఉందో చూసినవాళ్ళకి, అలాంటప్పుడు హామ్ రేడియోలో చకచకా బ్యాండ్ మార్చగలిగే ఈ సౌకర్యం విలువ వేరే చెప్పాలా.

ఇక గ్రౌండింగ్. 4సీఎక్స్250బీకి నాలుగు కాథోడ్ పిన్నులుంటాయి, నాలుగూ విడివిడిగా వెడల్పాటి రాగి పట్టీలతో ఛాసిస్‌కి చేరాలి. వైజాగ్‌లో లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం దగ్గరి చోట్ల అల్యూమినియం ఛాసిస్ మీద స్క్రూ బిగించి వదిలేస్తే ఉప్పుగాలికి ఆ జాయింట్ తెల్లగా పొడిబారిపోతుంది, మొదట్లో బాగా పనిచేసిన లీనియర్ తర్వాత మొండికేస్తుంది. సాకెట్ కింద రాగి రేకు వేసి, పట్టీలు దానికే సోల్డర్ చేయండి. గ్రిడ్ గదికీ ప్లేట్ గదికీ మధ్య లోహపు గోడ ఉండాల్సిందే, లేకపోతే పైన చెప్పిన 0.04 పికోఫారడ్‌కి అర్థమే లేదు.

పరీక్ష ఇలా. హైవోల్టేజీ లేకుండా ట్యూబ్ సాకెట్‌లో పెట్టి, నానోవీఎన్‌ఏతో (ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచే చిన్న పరికరం) ఇన్‌పుట్ చూడండి. తర్వాత తగ్గించిన ప్లేట్ వోల్టేజీతో, డ్రైవ్ లేకుండా, డమ్మీ లోడ్‌తో (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) ట్యూబ్‌ని కండక్షన్‌లో ఉంచి, ట్యూన్, లోడ్ కెపాసిటర్లు రెండూ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. ప్లేట్ వోల్టేజీ లేనప్పుడు స్క్రీన్ (టెట్రోడ్‌లోని రెండో గ్రిడ్) సప్లై ఎప్పుడూ ఆన్ చేయకండి. తిప్పుతున్నంతసేపూ గ్రిడ్ ముల్లు సున్నా మీదే ఉండాలి, స్క్రీన్ కరెంట్ ఉలిక్కిపడకూడదు. ఒక్క చోట కదిలినా ఆపేసి, సప్లై తీసి, కెపాసిటర్లు షార్ట్ స్టిక్‌తో డిశ్చార్జ్ చేసి, గ్రిడ్ పిన్ దగ్గరే పది ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి మళ్ళీ చూడండి.