పాత వాల్వు రేడియోలో ఏ కెపాసిటర్ మార్చాలి, ఏది వదిలేయాలి

వరంగల్, హనుమకొండ పాత ఇళ్లలో అటకెక్కిన వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) రేడియోను కిందికి దించగానే ప్లగ్గులో పెట్టడం మంచిది కాదు. ఏళ్ల తరబడి వానాకాలపు చెమ్మను పీల్చుకున్న కాగితపు కెపాసిటర్లు (డీసీని ఆపి, ధ్వని సంకేతాన్ని పోనిచ్చే భాగాలు) స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వును, దానితోపాటు ఇప్పుడు దొరకడం కష్టమైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చివేయగలవు. అలాగని కనిపించిన ప్రతి కెపాసిటర్‌నూ పెరికివేయడం కూడా సరికాదు. పాలిస్టర్ ఫిల్మ్ రకానివి చాలావరకు నేటికీ సరిగానే పనిచేస్తాయి.

కాబట్టి ముందుగా రకాన్ని గుర్తించాలి. మైనం పూత పూసిన గొట్టాలు, చివర్లలో తారు నింపినవి, పైపూత పగిలినవి కాగితపువి. వీటిని పరీక్షించనవసరం లేకుండానే మార్చవచ్చు. ఫిలిప్స్ తరహా సెట్లలో రంగు చారలతో ఉండే చదునైన బిళ్లలూ, పసుపు గొట్టాలూ పాలిస్టర్ ఫిల్మ్‌వి. చారలను పైనుంచి చదివితే విలువ పికోఫారడ్‌లలో వస్తుంది: పసుపు, ఊదా, నారింజ ఉంటే 47,000, అంటే 0.047 మైక్రోఫారడ్. కొత్త వాటిపై ఇదే విలువ 473 అని (47 తర్వాత 3 సున్నాలు, పికోఫారడ్‌లలో) ఉంటుంది. 104 అంటే 0.1 మైక్రోఫారడ్, 223 అంటే 0.022. పక్కన ఉండే జె అక్షరం 5 శాతం, కె 10 శాతం తేడాను సూచిస్తాయి. వెండిరంగులో మెరిసే చిన్న పాలిస్టైరీన్ కెపాసిటర్లు ట్యూనింగ్ భాగంలో ఉంటాయి. అవి వేడికి మెత్తబడతాయి, మారిస్తే స్టేషన్ల అమరిక చెదురుతుంది. వాటి జోలికి పోకపోవడమే మేలు.

అన్నింటికంటే ముఖ్యమైనది ముందున్న వాల్వు ప్లేటు (ధ్వని బయటికొచ్చే కొస) నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు (లోపలికెళ్లే కొసకు) ధ్వనిని అందించే కప్లింగ్ కెపాసిటర్. గ్రిడ్డు రెసిస్టర్ 1 మెగాఓమ్ అయితే, 1 మైక్రోఆంపియర్ లీకేజీ (కెపాసిటర్ గుండా కారే డీసీ) చాలు, గ్రిడ్డుపై 1 వోల్టు పాజిటివ్ చేరుతుంది. లీకేజీ పెరిగేకొద్దీ ఈఎల్84 వంటి అవుట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రబడుతుంది. మల్టీమీటర్‌లోని కెపాసిటెన్స్ రేంజి ఈ లోపాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అది చాలా తక్కువ వోల్టేజీతో కొలుస్తుంది. గ్రిడ్డు వైపు కాలును విప్పి, సెట్ ఆన్ చేసి, ఆ కాలుకూ ఛాసిస్‌కూ (సెట్ లోహపు చట్రానికీ) మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. అయితే గ్రిడ్డు రెసిస్టర్‌ను గ్రిడ్డుకే ఉంచాలి, అది ఊడిపోతే వాల్వు దెబ్బతింటుంది. ముల్లు కాస్త కదిలి సున్నా దగ్గర ఆగితే మంచిదే; వోల్టుల్లో నిలిచిపోతే తీసివేయాల్సిందే.

విప్పే ముందు ప్లగ్గు తీసి, ఫిల్టర్ కెపాసిటర్లను (పవర్ సరఫరా భాగంలోని పెద్దవాటిని) 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటరుతో సరిచూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో ఛాసిస్‌కే 230 వోల్టుల మెయిన్స్ తగలవచ్చు. సెట్‌ను మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిపై పనిచేయకండి.

కొత్త దాని విలువ పాతదానికి సమానంగా ఉండాలి, తట్టుకునే వోల్టేజీ మాత్రం 630 ఉంటే నిశ్చింత. ఇక్కడి ఫ్యాన్ కెపాసిటర్ల దుకాణాల్లో అది దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగవచ్చు. పాలిస్టర్ చాలు, ఖరీదైన పాలీప్రొపిలీన్‌తో పాత రేడియో శబ్దం మారిపోతుందన్న ఆశ నాకైతే లేదు. మెయిన్స్ రెండు తీగల మధ్య ఉన్న చోట ఎక్స్2 గుర్తున్నదే, మెయిన్స్‌కూ ఛాసిస్‌కూ మధ్య అయితే వై2 గుర్తున్నదే వాడాలి; మామూలు 630 వోల్టులది అక్కడ పనికిరాదు. ఒక చివర గీత ఉంటే అది బయటి రేకును సూచిస్తుంది, పోలారిటీని కాదు. ఆ చివరను కప్లింగ్‌లో ముందు వాల్వు ప్లేటు వైపు, బైపాస్‌లో (సంకేతాన్ని ఛాసిస్‌కు మళ్లించే చోట) ఛాసిస్ వైపు కలిపితే హమ్మింగ్ కొంత తగ్గుతుంది.

ఒకటి మార్చి, సెట్ వేసి చూసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లడం మంచిది. అన్నీ ఒకేసారి మార్చాక తప్పు వస్తే ఎక్కడుందో వెతకడం కష్టం. చివరగా అవుట్‌పుట్ వాల్వు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే కొస) వోల్టేజీని సర్క్యూట్ బొమ్మలోని అంకెతో పోల్చి, అరగంట పాటు ప్లేటు రంగును గమనించాలి.