వేడికి విరగని మయోనైజ్: పచ్చసొనకు ఎంజైమ్ పట్టించే పద్ధతి

పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం సంగతి అటుంచినా, సొనను పాశ్చరైజ్ చేయకుండా, అంటే తగినంత వేడిచేసి క్రిములను చంపకుండా, మయోనైజ్ అమ్మకూడదు. చిక్కంతా వేడి దగ్గరే వస్తుంది. 65 డిగ్రీలు దాటితే మామూలు సొన చిక్కబడి గడ్డకడుతుంది, ఆ తర్వాత నూనెను సరిగా పట్టుకోదు. ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ పట్టిస్తే ఈ బెడద తగ్గుతుంది.

సొనలో నూనెను, నీటిని కలిపి ఉంచే పదార్థం లెసిథిన్. దాని అణువుకు రెండు కొవ్వు తోకలుంటాయి. ఈ ఎంజైమ్ వాటిలో ఒకదాన్ని కత్తిరిస్తుంది. మిగిలిన లైసోలెసిథిన్ నీటిలో బాగా కలుస్తుంది, నూనె బిందువుల చుట్టూ గట్టిగా పేరుకుంటుంది. సొనలోని ప్రోటీన్లు కూడా వేడికి అంత తేలిగ్గా గడ్డకట్టవు.

ముందుగా కిలో సొనకు 100 గ్రాముల ఉప్పు కలిపి వడకట్టండి. ఎంజైమ్ మోతాదు ప్యాకెట్‌పై యూనిట్లలో ఉంటుంది. ఒక్కో తయారీ బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి గ్రాముల లెక్కన ఊహించి వేయొద్దు. ఎంజైమ్ పనిచేయడానికి కాల్షియం కావాలి, అది సొనలోనే ఉంటుంది. ఎంజైమ్ కలిపాక 50–52 డిగ్రీల దగ్గర 3–4 గంటలు నెమ్మదిగా తిప్పుతూ ఉంచండి. ఉష్ణోగ్రత 45కు జారనివ్వొద్దు, అక్కడ క్రిములు పెరిగే ప్రమాదముంది.

పని అయిందో లేదో చూడటానికి రెండు చెంచాల సొనను గాజు గొట్టంలో పోసి, 90 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. పక్కనే ఎంజైమ్ వేయని సొన కూడా పెట్టండి. అది ముద్దకట్టి, ఇది జారుతూ ఉంటే చాలు. తర్వాత మొత్తం సొనను 63.3 డిగ్రీలకు తగ్గకుండా కనీసం మూడున్నర నిమిషాలు ఉంచి చల్లార్చండి. ఉప్పు కలిపిన సొనకు కనీస లెక్క ఇది.

దాదాపు కిలో మయోనైజ్‌కు నూనె 750 గ్రాములు, ఈ సొన 80, వెనిగర్ 90, నీళ్లు 45, చక్కెర 15, ఆవపొడి 8, ఉప్పు మొత్తం 12. సొనలో ఇప్పటికే 7 గ్రాముల ఉప్పుంది కాబట్టి పైన 5 వేస్తే సరిపోతుంది. మూడోవంతు వెనిగర్‌తో మొదలుపెట్టి, నూనెను మొదట చుక్కలుగా, తర్వాత సన్నని ధారగా పోయండి. మిగతా వెనిగర్ చివర్లో. వేరుశనగ నూనె ఫ్రిజ్‌లో పేరుకుని ఎమల్షన్‌ను (నూనె, నీళ్లు కలిసిన మిశ్రమాన్ని) చీలుస్తుంది, పొద్దుతిరుగుడు నూనె మేలు.

సబ్బు రుచి వచ్చిందంటే రెండు కారణాలు చూడాలి. మొదటిది, ఎంజైమ్‌ను ఎక్కువసేపు పనిచేయనివ్వడం. దీనివల్ల కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా విడుదలవుతాయి. రెండోది, చవక ఎంజైమ్‌లో లైపేజ్ అనే మరో ఎంజైమ్ కలిసి ఉండటం. అది నూనెనే కోస్తుంది, అప్పుడు మయోనైజ్ నిల్వలో పాడవుతుంది. కొనేటప్పుడు లైపేజ్ చర్య తక్కువని రాసిన ఆహార శ్రేణి (ఫుడ్ గ్రేడ్) సరుకే అడగండి. ఫాస్ఫోలైపేజ్ కొన్ని రకాలు పంది క్లోమం నుంచి, కొన్ని శిలీంధ్రాల నుంచి వస్తాయి. మయోనైజ్ కొనేవారికి అది ముఖ్యం కాబట్టి మూలం కూడా కనుక్కోండి.

రుచికోసం పచ్చి అల్లం, బొప్పాయి, అనాస కలిపితే వాటిలోని ప్రోటియేజ్ ఎంజైములు సొన ప్రోటీన్లను కోసి మయోనైజ్‌ను పలుచన చేస్తాయి. వాటి రసాన్ని కొన్ని నిమిషాలు బాగా మరిగించి, చల్లారాకే కలపండి.