మినీడిస్కుల్లోని గొంతులను కంప్యూటరులో దాచుకోవడం ఎలా

మినీడిస్కు అంటే ప్లాస్టిక్ డబ్బాలో ఇమిడి ఉండే చిన్న రికార్డింగు డిస్కు. దాన్ని యంత్రంలో పెట్టకముందే దాని అంచున ఉన్న చిన్న మీటను గోటితో జరిపి, కన్నం కనబడేట్టు చేయండి. కన్నం తెరిచి ఉంటే దాని మీద కొత్తగా రికార్డు చేయడానికి, ఉన్నది చెరపడానికి యంత్రం ఒప్పుకోదు. ఏళ్ల తర్వాత చేతికొచ్చిన రికార్డరులో ఏ బొత్తాం ఎందుకో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, అన్ని డిస్కులకూ ఈ పని ఒకేసారి చేసేయండి.

మా చిన్నాయన కువైట్‌లో పనిచేసేటప్పుడు సోనీ మినీడిస్కు రికార్డరు కొన్నాడు. సెలవుకు కడప వచ్చినప్పుడల్లా చిన్న మైకు తగిలించుకుని మా పల్లెలో చెక్కభజనలు, పండరి భజనలు, బ్రహ్మంగారి తత్వాలు, పెండ్లిళ్లలో ఆడోళ్లు పాడే పాటలు, మా జేజి పాడిన సువ్వి పాటలు రికార్డు చేశాడు. ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. గల్ఫుకు పోయొచ్చిన మన జిల్లా ఇండ్లలో ఇట్లాంటివి ఇంకా ఉంటాయని నా నమ్మకం. వాళ్ల కోసమే ఇది.

తొందర ఎందుకంటే, 1992లో అమ్మకానికి వచ్చిన ఈ యంత్రాలను సోనీ 2013 మార్చితో ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో ఖాళీ డిస్కుల తయారీ కూడా ఆగిపోయింది. డిస్కు మాత్రం గట్టిది. లేజరు వేడి, అయస్కాంతం రెండూ ఒకేచోట కలిస్తేనే దాని మీది రాత మారుతుంది. స్పీకరు పక్కన పెట్టినా, మన మే నెల ఎండకు బీరువాలో ఉన్నా ఆ రాత చెరగదు. ముందుగా పోయేది చదివే యంత్రమే. సన్నటి బిళ్లలాంటి బ్యాటరీ లోపలే కారిపోయి ఉంటుంది, లేదా లెన్సుకు దుమ్ము పట్టి ఉంటుంది. అడాప్టరు వాడేట్టయితే దాని మీద రాసిన వోల్టేజీ, యంత్రం మీద రాసిన వోల్టేజీ ఒకటేనా అని చూసుకోండి. కుదిరితే పెన్సిలు బ్యాటరీతోనే నడపండి, గుయ్యిమనే కరెంటు మోత రికార్డులోకి రాదు.

డిస్కు పెట్టాక తెర మీద ఖాళీ అని చూపించినా, ట్రాకులు కనబడి శబ్దం రాకపోయినా పారేయకండి. 2000లో వచ్చిన, ఒకే డిస్కులో ఎక్కువసేపు పట్టే ఎల్‌పీ2, ఎల్‌పీ4 పద్ధతుల్లో రికార్డు చేసిన డిస్కు పాత యంత్రంలో తిరుగుతుంది కానీ గొంతు రాదు. 2004లో వచ్చిన, ఇంకా ఎక్కువ పట్టే హై-ఎండీ పద్ధతిలోని డిస్కును మామూలు యంత్రం చదవలేదు. ఇంకో యంత్రంలో పెట్టి చూశాకే తీర్పు చెప్పండి.

ఇక దించుకోవడానికి దారులు. అన్నిటికంటే మంచిది, డిస్కు మీది డేటాను ఉన్నదున్నట్టు యూఎస్‌బీ తీగ ద్వారా తెచ్చుకోవడం. 2001లో వచ్చిన, యూఎస్‌బీ ఉన్న నెట్ఎండీ యంత్రాలు కంప్యూటరు నుంచి పాటలు డిస్కులోకి ఎక్కించేవి కానీ, మనం మైకుతో పట్టిన పాటను మనకే తిరిగి ఇచ్చేవి కావు. ఆ తలుపు తెరిచింది 2006 నాటి సోనీ ఎంజెడ్-ఆర్‌హెచ్1. అది దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. ఇప్పుడు ఔత్సాహికులు తయారుచేసిన వెబ్ మినీడిస్క్ ప్రో అనే వెబ్‌సైటు ఉంది. అది క్రోమ్ బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. సోనీ వాళ్ల చేతిలో పట్టే నెట్ఎండీ రికార్డరు ఉంటే, ఆ వెబ్‌సైటులోని హోమ్‌బ్రూ మోడ్‌తో డిస్కు మీది ఆట్రాక్ ఫైళ్లను (మినీడిస్కు శబ్దాన్ని కుదించి దాచే సోనీ పద్ధతి ఇది) యథాతథంగా దించుకోవచ్చు. విండోస్ అయితే ముందు జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాముతో విన్‌యూఎస్‌బీ డ్రైవరు ఎక్కించాలి. మామూలు (ఎస్‌పీ) రికార్డింగు సెకనుకు 292 కిలోబిట్ల వేగంతో ఉంటుంది కాబట్టి 74 నిమిషాల డిస్కు 160 మెగాబైట్ల చుట్టుపక్కల వస్తుంది. ఈ ఫైళ్లను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో మామూలు వేవ్ ఫైళ్లుగా మార్చుకుని వినొచ్చు. కానీ అసలు ఫైళ్లను చెరపకండి, మూలప్రతి అవే.

మీ యంత్రానికి యూఎస్‌బీ లేకపోతే తీగ వేసి, పాట నడుస్తుండగా పట్టుకోవాలి. ఇంట్లో పెట్టుకునే పెద్ద డెక్ అయితే చాలావాటికి ఆప్టికల్ అవుట్ (కాంతి తీగతో డిజిటల్ శబ్దం బయటికిచ్చే కన్నం) ఉంటుంది, ఉంటే దాన్ని వాడండి. చేతి రికార్డర్లలో దాదాపు దేనికీ అది ఉండదు. వాటికి ఇయర్‌ఫోన్ కన్నం నుంచి లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు 3.5 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. లాప్‌టాపు మైకు కన్నంలో మాత్రం గుచ్చకండి. చాలావాటిలో అది ఒంటి చానలుదే, గొంతును తన ఇష్టానికి పెంచుతుంది, తగ్గిస్తుంది. యంత్రం మెనూలో లైన్ అవుట్ ఉంటే అది పెట్టండి, బాస్ పెంచే బొత్తాం ఆపేయండి. ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాములో శాంపిల్ రేటు 44100 పెట్టండి, మినీడిస్కుది అదే. చెక్కభజన అయితే చెక్కలు ఒక్కసారిగా మోగేచోట వినిపించి, మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా సర్దండి. మెల్లగా పాడే చోట చూసి సర్దితే, గురువు గజ్జెలు ఊపగానే శబ్దం చీలిపోతుంది. లాప్‌టాపు ఛార్జరు తీసేయండి, కరెంటు పోయినా పని ఆగదు.

రికార్డు అవుతుండగా పాట మారినచోట కంట్రోల్-ఎం నొక్కి గుర్తు పెట్టుకోండి. శబ్దం శుభ్రం చేసే పనులేవీ మూలప్రతి మీద చేయొద్దు. కుక్క అరుపు, పక్కనింటి రోలు చప్పుడు, మధ్యలో పిలిచే పిల్లల గొంతు ఉండనీయండి. ఎక్కడ, ఏ పొద్దు పాడారో చెప్పే ఆనవాళ్లు అవి. చెవికి ఇంపుగా కావాలంటే ఇంకో నకలు తీసి దాన్ని దిద్దుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేయగలిగిన పని. మీరు మాత్రమే చేయగలిగింది ఇంకొకటుంది. ఎవరి గొంతో రాయడం. బ్రౌన్ దొర ఇదే కడపలో తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి రాయించాడు. తాటాకు మీద అక్షరమైనా ఉంది, మన డిస్కు మీద చాలాసార్లు చిన్న పేరు కూడా ఉండదు. ఫైళ్లను ఫోనులో వేసుకుని పల్లెకు పోండి. పెద్దోళ్లకు వినిపించండి. మా జేజి సువ్వి పాటలో రెండో చరణం నుంచి ఇంకో గొంతు కలుస్తుంది. అది ఎవరిదో మా అమ్మ ఒక్క మాట వినంగానే చెప్పింది, నాకైతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఎవరు పాడారు, ఏ ఇల్లు, ఏ సందర్భం, హార్మోనియం ఎవరిది, భజన నేర్పిన గురువు ఏ ఊరాయన, ఇవన్నీ అడగండి. వాళ్లు వింటూ మాట్లాడే మాటలను ఇంకో ఫోనులో రికార్డు చేసి ఆ ఫైలునూ పక్కనే పెట్టండి. వాళ్లు పాట మధ్యలో అందుకుని మరచిన చరణం పాడేస్తారు, అది డిస్కులో కూడా ఉండదు. గుర్తుపట్టేవాళ్లు ఉన్నప్పుడే ఇది చేయాలి, యంత్రాన్నైనా ఎక్కడో వెతికి కొనొచ్చు.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత డిస్కు సంఖ్య, ట్రాకు సంఖ్య ఉంచండి. 2003-07-04 అంటే 2003లో పట్టిన ఏడో డిస్కులో నాలుగో ట్రాకు. అదే సంఖ్యను డిస్కు మీద మార్కరుతో రాసి, చీటీతో సహా ఫోటో తీయండి. తీగతో పట్టుకున్నవాటిని ఎఫ్ఎల్ఏసీ (ఫ్లాక్) ఫైళ్లుగా దాచండి, నాణ్యత పోదు, జాగా దాదాపు సగం మిగులుతుంది. ఒక ప్రతి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర, మూడోది ఇంటర్నెట్ నిల్వలో ఉండాలి. పెన్‌డ్రైవు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారే గుర్తు సంఖ్య) తీసి జాబితాగా పెట్టుకుని, ఏటా ఉగాదికి సరిచూసుకుంటే ఏ ప్రతి చెడిందో వెంటనే తెలుస్తుంది.

పని అయ్యాక రికార్డరులోంచి బ్యాటరీ తీసేయండి. డిస్కులను వాటి పెట్టెల్లోనే, మీట తెరిచే ఉంచి దాచండి. ఆ డిస్కులనే మళ్లీ చదివించుకోవాల్సి రావచ్చు.