పన్ను బాండింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: గుంత లోతుగా ఉంటే

పోయిన పాఠంలో ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) మీద 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎచ్చింగ్ చేశాం, అంటే బాండింగ్ బాగా పట్టేలా పైభాగాన్ని గరుకు చేశాం. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు. దాని కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. దాని నిండా సన్నటి గొట్టాలే, అవి నేరుగా పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగమైన పల్ప్‌లోకి తెరుచుకుంటాయి. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 వేలు ఉండే గొట్టాలు పల్ప్ దగ్గరికొచ్చేసరికి 45 వేల దాకా ఉంటాయి, వెడల్పు కూడా పెరుగుతుంది. గుంత లోతయ్యేకొద్దీ మన చేతికింద మిగిలేది జల్లెడే.

ఫిల్లింగ్‌ను పన్నుకు అతికించే బాండింగ్ ద్రవంలో హెమా, బిస్-జీఎంఏ లాంటి మోనోమర్లు ఉంటాయి. లైట్ పడగానే ఇవి గొలుసులుగా కలిసి గట్టిపడతాయి, కానీ అన్నీ కలవవు. మిగిలిపోయినవాటిలో హెమా గురించే నాకు ఎక్కువ ఆందోళన. చిన్న అణువు, నీళ్లలో ఇట్టే కలుస్తుంది, తడి గొట్టాల్లోంచి పల్ప్ వైపు సులువుగా దిగుతుంది. తగినంత చేరితే అక్కడి కణాలను చంపుతుంది. పల్చటి గ్లవ్స్‌లోంచి కూడా నిమిషాల్లోనే దిగి చర్మానికి అలర్జీ తెస్తుంది. చేతికి అంటితే వెంటనే గ్లవ్స్ మార్చండి.

గుంత అడుగున అర మిల్లీమీటరుకు మించి మంచి డెంటిన్ మిగిలితే మామూలుగా పల్ప్ తట్టుకుంటుంది. అంతకన్నా తక్కువని అనుమానం వచ్చినా, అడుగున గులాబీ ఛాయ కనిపించినా, అక్కడ నేరుగా ఎచ్చింగ్, బాండింగ్ వద్దు. ముందు ఆ చోటు వరకే కాల్షియం హైడ్రాక్సైడ్ గానీ ఎంటీఏ (పల్ప్‌ను కాపాడే ఒక రకం సిమెంట్) గానీ పెట్టండి. దానిమీద గ్లాస్ అయానమర్ సిమెంట్ కప్పి, ఆ తర్వాతే బాండింగ్ మొదలుపెట్టండి.

పల్ప్ బయటపడితే? 1990ల్లో దానిమీదే బాండింగ్ వేయొచ్చని కొందరు గట్టిగా వాదించారు. జంతువుల పళ్లలో ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి కూడా. మనుషుల పళ్లలో చూస్తే వాపు తగ్గలేదు, డెంటిన్ వంతెన (పల్ప్ గాయాన్ని మూసే కొత్త డెంటిన్ పొర) సరిగా కట్టుకోలేదు. ఆ పని ఎప్పుడూ చేయకండి.

బ్రష్‌తో బాండింగ్ ద్రవం రుద్దాక మెల్లగా గాలి కొట్టండి. పొర మీద అలలు కదలడం ఆగేదాకా కొట్టాలి. ద్రవంలోని సాల్వెంట్ (ఆవిరైపోవాల్సిన ద్రావకం) మిగిలితే పొర సరిగా గట్టిపడదు, గట్టిపడని మోనోమర్ అంతా లోపలికి దిగేందుకు సిద్ధంగా ఉంటుంది. లైట్ కొనను వీలైనంత దగ్గరగా, కదలకుండా పట్టుకోండి. లోతైన గుంతలో అడుక్కి వెలుగు తక్కువ చేరుతుంది, కాబట్టి కంపెనీ చెప్పిన టైముకు ఒక్క సెకను కూడా తగ్గించొద్దు.

సాధనకి, శుద్ధి చేసిన తీసేసిన దవడ పన్నులో లోతుగా గుంత చేయండి. అడుగున ఎంత డెంటిన్ మిగిలిందో ముందు కంటి అంచనా రాసుకోండి. తర్వాత పన్నును నిలువుగా కోసి, క్యాలిపర్‌తో కొలిచి పోల్చండి. వచ్చే పాఠంలో సెల్ఫ్-ఎచ్ పద్ధతి.